విప్పొద్దన్న పెట్టె

పెట్టె విప్పొద్దని విజయశ్రీకి మొదట చెప్పింది వాళ్లన్న హరీష్. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం వెలిగిపోతోంది. ఆదివారం పొద్దున పదింటికి కాశిబుగ్గలో ఇంటి ముందు ఆటో ఆపించి, పెద్ద అట్టపెట్టెను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే మోసుకొచ్చి ముందు గదిలో దించాడు. లోపల కొత్త గేమింగ్ కంప్యూటర్. ఒక పక్కంతా అద్దం. అద్దం వెనక రంగులు మార్చుకుంటూ తిరిగే మూడు ఫ్యాన్లు.

"అంత బిగించే ఉన్నదే. ప్లగ్గు పెట్టుడు, ఆడుడు. ఇగో, ఎనక ఈ స్టిక్కర్ సూసినవా? ఇది చింపినవనుకో, వారంటీ పోతది. రాంప్రసాద్ మరీ మరీ చెప్పిండు. లోపల చెయ్యి పెట్టకు."

విజయశ్రీ స్టిక్కర్ వైపు చూసింది, తర్వాత అన్న వైపు.

ఆమెకు ఇరవై నాలుగేళ్లు. హనుమకొండలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున ఏడింటి నుంచి రోజుకు యాభై అరవై మంది చేతుల్లోంచి నెత్తురు తీస్తుంది. ఆమెకు ఆటల పిచ్చి అని ఇంట్లో అందరికీ తెలుసుగానీ, ఏ ఆట అని ఎవరూ సరిగా అడగలేదు. ఆమె ఆడాలనుకున్నది విమానం నడిపే ఆట. ఉపగ్రహం తీసిన ఫొటోలతో భూమినంతా తయారుచేసి పెట్టిన ఆట అది. ఏ ఊరి మీదికైనా ఎగరవచ్చు. ఏడాది కింద ఎవరో పెట్టిన వీడియోలో ఒక చిన్న విమానం మామునూరు పాత రన్‌వే మీంచి లేచి వరంగల్ మీద చక్కర్లు కొట్టడం చూసింది. పైనుంచి ధర్మసాగర్ రిజర్వాయర్ పగిలిన అద్దం ముక్కలా మెరిసింది. వాళ్లింట్లో ఇంతవరకూ విమానం ఎక్కినవాళ్లు లేరు. నా ఊరి మీద నేనే ఎగరాలి అనుకుంది ఆ రోజు.

ఆ ఆట నడవాలంటే మామూలు కంప్యూటర్ చాలదు. అందుకని ఎనిమిది నెలలపాటు వీడియోలు చూసి, ఏ ప్రాసెసర్‌కు ఏ మదర్‌బోర్డు సరిపోతుందో, ఏ గ్రాఫిక్స్ కార్డుకు ఎంత కరెంటు కావాలో ఒక నోట్‌బుక్కులో రాసుకుంది. రాసినవి కొట్టేసి మళ్లీ రాసింది. ఒక్కో వస్తువు ఏరి కొని, తానే బిగించుకుంటానని ఇంట్లో చెప్పింది కూడా. అప్పుడు హరీష్ పకపకా నవ్వాడు.

"కారు కొనాల్నంటే టైర్లు ఒకకాడ, ఇంజన్ ఒకకాడ కొని ఇంట్ల బిగించుకుంటరా ఎవలన్న?"

"మరి బాపు మగ్గం ఎవలు బిగించిండ్రు?" అంది విజయశ్రీ.

జంపఖానా నేస్తున్న తండ్రి ఓంకార్ చెయ్యి ఆపకుండానే, "నేనే. ఇంకెవలొచ్చి బిగిస్తరు?" అన్నాడు.

"మగ్గం ఏరు, కంప్యూటర్ ఏరు," అని హరీష్ ఆ మాట అక్కడితో తెంచేశాడు.

కానీ అతను చెల్లెలి కోరికను మరిచిపోలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పోయిన వానాకాలం ఎనుమాముల దారిలో బండి మీంచి పడి అతని కాలు విరిగింది. మూడు నెలలు మంచం దిగలేదు. ఆ మూడు నెలలూ డ్యూటీ నుంచి వచ్చి కట్టు మార్చింది, సూదులు వేసింది, భుజం ఆసరా ఇచ్చి వాకిట్లో నడిపించింది విజయశ్రీయే. ఆమెకేదైనా చెయ్యాలని అప్పటినుంచీ అతని మనసులో ఉంది. పదో తరగతిలో తనతో చదివిన రాంప్రసాద్ హనుమకొండలో కంప్యూటర్ల దుకాణం పెట్టాడు. అతని దగ్గరికి వెళ్లి, మా చెల్లెకు మంచి గేమింగ్ కంప్యూటర్ కావాలిరా అన్నాడు. పెట్టె వచ్చింది.

"నచ్చలేదా?" అని అడిగాడు హరీష్. అతని నవ్వు కొంచెం తగ్గింది.

"నచ్చిందన్నా. కాకపోతే నేను బిగిస్తనంటిగద..."

"నీకు ఆ కష్టమెందుకనే తెచ్చిన."

అన్న ప్రేమతో తెచ్చినదాన్ని ఎలా కాదనాలి? విజయశ్రీ నోట్‌బుక్కు తీసుకెళ్లి అల్మారాలో బట్టల కింద పెట్టేసింది.

మూడు రోజులు బాగానే నడిచింది. ఆట అప్పటికి పూర్తిగా డౌన్‌లోడ్ కాలేదు. నాలుగో రోజు సాయంత్రం విజయశ్రీ మామునూరు నుంచి విమానం లేపింది. పొలాలు దాటింది, రైలు పట్టాలు దాటింది. కింద ఊరు మొదలై ఇళ్లు చిక్కబడుతుండగా స్క్రీన్ నల్లబడిపోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. పెట్టె మొత్తం చచ్చినట్టు పడి ఉంది. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు వచ్చింది. మళ్లీ ఎగిరింది. సరిగ్గా ఊరి మీదికి వచ్చేసరికి మళ్లీ ఆరిపోయింది. పొలాల మీద ఎంతసేపు తిరిగినా ఏమీ కాదు. ఇళ్లు కనబడితే చాలు, ఠప్పున ఆగిపోతుంది.

హరీష్ దాన్ని ఆటోలో రాంప్రసాద్ దుకాణానికి తీసుకెళ్లాడు. నాలుగు రోజులు అక్కడే ఉంచుకుని, "ఏం లేదురా, మా కాడ మంచిగనే నడుస్తాంది," అని రాంప్రసాద్ తిరిగిచ్చాడు. వాళ్లు దానిలో ఒక సినిమా వేసి చూశారంతే.

రెండోసారి పెట్టె తీసుకుని విజయశ్రీ తానే వెళ్లింది. రాంప్రసాద్ పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా నలగకుండా కౌంటర్ వెనక కూర్చునే మనిషి. ఎవరితోనైనా నవ్వుతూనే మాట్లాడతాడు.

"మీది కాశిబుగ్గ గదా చెల్లె. చుట్టుపక్కల పవర్‌లూములు. కరెంట్ ఎక్కుతది, దిగుతది. మిషిన్ ఏం చేస్తది పాపం? స్టెబిలైజర్ పెట్టుకోండ్రి."

"ఫ్రిజ్‌కు ఏం కాకపాయె, టీవీకి ఏం కాకపాయె. దీనికే కరెంట్ సరిపోతలేదా అన్నా? లోపల ఎస్ఎంపీఎస్ ఏది పెట్టినవ్?"

ఎస్ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే కరెంటును లోపలి వస్తువులన్నిటికీ పంచే డబ్బా. అది బలహీనమైనదైతే, ఊరి ఇళ్లన్నీ ఒక్కసారే చూపాల్సి వచ్చి, బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు ఎక్కువ కరెంటు అడగ్గానే చేతులెత్తేస్తుంది. విజయశ్రీకి ఆ అనుమానం మొదటి వారంలోనే వచ్చింది.

"బిల్లుల రాసున్నది గదా. ఆరువందల యాభై వాట్లది," అన్నాడు రాంప్రసాద్.

"బిల్లు కాదు, వస్తువు సూపియ్యి."

"విప్పితే వారంటీ పోతది చెల్లె."

"నేను విప్పితే పోతది. నువ్వు విప్పితే పోదు గదా?"

రాంప్రసాద్ పక్కనున్న గిరాకీ వైపు తిరిగి నవ్వాడు. "సూసిండ్రా సార్, వీడియోలు సూసి అందరు ఇంజనీర్లే అయితాండ్రు." ఆ నవ్వులోనే మాట దాటేశాడు.

హరీష్ స్టెబిలైజర్ కొనుక్కొచ్చాడు. ఏమీ మారలేదు. చెల్లెలు రోజూ ఊరి పొలిమేరదాకా ఎగిరి అక్కడే ఆగిపోవడం అతను చూస్తూనే ఉన్నాడు. ఒకటి రెండుసార్లు, "పోనియ్యే, వాడు నా దోస్త్, నన్ను మోసం చెయ్యడు," అన్నాడు. మోసమని తానింకా అననేలేదు కదా, అన్నకు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందని విజయశ్రీ లోలోపల అనుకుంది.

మూడోసారి ఇద్దరూ కలిసి వెళ్లారు. శనివారం మధ్యాహ్నం. దుకాణం నిండా జనం. వెనక బల్ల దగ్గర యాకయ్య కూర్చుని ఏదో ప్రింటర్ విప్పుతున్నాడు. ఒకప్పుడు టీవీలు బాగుచేసి, ఇప్పుడు ఇక్కడ జీతానికి పనిచేస్తున్న యాభై దాటిన మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

హరీష్ పెట్టెను కౌంటర్ మీద పెట్టి సంగతి చెప్పాడు. రాంప్రసాద్ ఈసారి పూర్తిగా వినను కూడా వినలేదు.

"ఒక పని చెయ్యి చెల్లె. ఆ ఆట ఆడకు. ఏరే ఆటలు బొచ్చెడున్నయ్. ఆడపిల్లలకు మంచి మంచి ఆటలున్నయ్, చిన్న చిన్నయి. అవి ఆడు, మిషిన్ జన్మల బంద్ గాదు."

గిరాకీల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. హరీష్ నేల చూపులు చూశాడు.

విజయశ్రీ నవ్వలేదు, అరవనూ లేదు. కౌంటర్ పక్కగా లోపలికి నడిచి యాకయ్య బల్ల మీదున్న స్క్రూడ్రైవర్ అందుకుంది.

"కాకా, ఇది జరసేపు తీస్కుంటాన."

యాకయ్య తలెత్తి చూశాడు. ఆమె తిరిగొచ్చి పెట్టెను తన వైపు తిప్పుకుని, వెనకాల స్టిక్కర్ కొస గోటితో లేపి, ఒక్క లాగు లాగింది. చర్రుమని చిరిగింది.

"ఏయ్, ఏయ్! ఏం చేస్తానవ్!" రాంప్రసాద్ లేచి నిలబడ్డాడు. "హరీష్, మీ చెల్లెకు చెప్పురా! పోయింది, వారంటీ పోయింది. ఇగ దీనికి నాకు సంబంధం లేదు!"

"మంచిది. ఇప్పటిసంది ఇది నాది," అంది విజయశ్రీ. మొదటి స్క్రూ తిప్పింది.

హరీష్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊకోయే. అందరు సూస్తాండ్రు. పైసలు నాయి గదా, పోతే పోయినయ్ తియ్యి."

"పైసలు నీయే అన్నా. నెలసంది అబద్ధాలు ఇంటాంది నేను. చెయ్యి ఇడువు."

అతను వదిలాడు.

అద్దం తలుపు ఊడింది. లోపల అడుగున నల్లటి రేకు మూత ఉంది. ఎస్ఎంపీఎస్ ఆ మూత కింద ఉంటుంది, బయటినుంచి ఎంత వంగి చూసినా కనబడదు. విజయశ్రీ తీగలు ఒక్కొక్కటి ఊడదీసి, వెనక నాలుగు స్క్రూలు తీసి ఆ డబ్బాను బయటికి లాగింది. చేతిలోకి రాగానే బరువు చూసి ఆమెకు అర్థమైంది. ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంది. బిల్లులో ఉన్న కంపెనీ పేరు దాని మీద లేదు. అసలు ఏ పేరూ లేదు. నాలుగువందల యాభై వాట్లని ఒక చిన్న కాగితం మాత్రం అంటించి ఉంది.

ఆమె దాన్ని కౌంటర్ మధ్యలో, అందరికీ కనబడేట్టు పెట్టింది.

దుకాణంలో నవ్విన వాళ్ల మొహాలు మారాయి. రాంప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "స్టాక్ లేకుండెనే. అదే రేంజ్‌ది పెట్టినం. కంపెనీ పేరు పెద్ద ఫరక్ పడది."

"మరి బిల్లుల పేరెందుకు మార్వలే?"

జవాబు కోసం విజయశ్రీ ఆగలేదు. గ్రాఫిక్స్ కార్డు తీసింది. దాని రెక్కల సందుల్లో బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంది. స్క్రూల తలలు అరిగి ఉన్నాయి. నెల కింద కొన్న కొత్త కార్డుకు ఇంత దుమ్మెక్కడిది? వెనక అంటించిన సీరియల్ నంబరును వేలితో తుడిచి, చదవడానికి వెలుగులోకి పట్టుకుంది.

అప్పుడు వెనకనుంచి కాగితం మడత విప్పిన చప్పుడైంది. హరీష్ జేబులోంచి బిల్లు తీశాడు.

"నంబర్ చదువు," అన్నాడు చెల్లెలితో.

ఆమె చదివింది. అతను బిల్లు మీద వేలు పెట్టి చూశాడు. మళ్లీ చదవమన్నాడు. ఆమె మళ్లీ చదివింది.

"ఇది గాదు," అన్నాడు హరీష్. రాంప్రసాద్ వైపు తిరిగాడు. "అరేయ్, ఇది గాదురా. ఎవలదో వాడినది తెచ్చి నా చెల్లెకు పెట్టినవా?"

రాంప్రసాద్ అతన్ని పక్కకు రమ్మని సైగ చేశాడు. హరీష్ కదల్లేదు. ఇక తప్పదని రాంప్రసాద్ గొంతు తగ్గించి విజయశ్రీతోనే మాట్లాడాడు.

"సరే చెల్లె. గోదాంల మా పోరగాళ్లు తారుమారు చేసి ఉంటరు. లొల్లెందుకు? రెండు దినాలాగు. కొత్త సెట్ మంచిగ బిగించి, సీలేసి ఇంటికే పంపిస్త."

"సీలేసింది నాకొద్దు."

"మరేం గావాలె?"

"బిల్లుల రాసిన వస్తువులు, డబ్బాలు విప్పనియి, ఇక్కడ పెట్టు. నేనే బిగించుకుంట. బిల్లు మళ్ల రాయి, ఏ వస్తువుకు ఆ వస్తువు ఏరే. ఎస్ఎంపీఎస్‌కు దాని కంపెనీ వారంటీ ఉంటది, కార్డుకు దాని కంపెనీది ఉంటది. రేపు ఏదన్న ఖరాబైతే నేను ఆ కంపెనీ ఆఫీసుకే పోత. నీ స్టిక్కర్‌తోని నాకు పని లేదు."

రాంప్రసాద్ మొహం బిగుసుకుంది. "నువ్వు బిగిస్తవా? ప్రాసెసర్ కింద ఎన్ని పిన్నులుంటయో తెలుసా? ఎంట్రుకంత ఉంటయ్. ఒక్కటి ఒంగినా బోర్డు చెత్తల పడేసుడే. చేతులు వణుకుతయ్ నీకు."

"రెండు నెలల పసిగుడ్డు నరంల సూది పెట్టే చేతులివి. వణకయ్."

హసన్‌పర్తి నుంచి కొడుక్కి కంప్యూటర్ కొందామని వచ్చిన ఒకాయన అప్పటిదాకా గోడవార నిలబడి చూస్తున్నాడు. ఆయన ముందుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇయ్యవయ్యా, అడిగినయి ఇయ్యి. ఆమె బిగించినంక సూసే నేను కొనేదో కొననిదో చెప్త."

ఇంకో ఇద్దరు తలలూపారు. రాంప్రసాద్ ఒక్క క్షణం అందరినీ చూశాడు. తర్వాత యాకయ్యను పేరు పెట్టి పిలవకుండానే, "తేపో," అన్నాడు. యాకయ్య లేచి లోపలికి వెళ్లి రెండు కొత్త డబ్బాలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ స్క్రూలు వేసుకోవడానికి ఒక స్టీలు గిన్నె కూడా జరిపాడు.

రెండు వస్తువులు మార్చుకుంటే సరిపోయేది. కానీ విజయశ్రీ ఇంకా ఏమేం మారిపోయాయో చూడాలనుకుంది. అన్నీ ఊడదీసింది. ప్రాసెసర్ మీది ఫ్యాను, ర్యామ్ రెండు ముక్కలు, మదర్‌బోర్డు, అన్నీ కౌంటర్ మీద వరసగా పరిచింది. ఒక్కోదాని నంబరు ఆమె చదువుతుంటే హరీష్ బిల్లులో చూసి తలూపాడు. మిగతావి సరైనవే.

ప్రాసెసర్ మీద ఎండిపోయిన పాత పేస్టు ఉంది. వేడిని ఫ్యాను వైపు లాగేది అదే. దాన్ని తుడవాలి. విజయశ్రీ హ్యాండ్‌బ్యాగు తెరిచి, సూది వేసే ముందు చర్మం తుడిచే స్పిరిట్ ప్యాకెట్లు నాలుగు తీసింది. పళ్లతో చించి, లోహం తళతళలాడేదాకా తుడిచింది. ప్రాసెసర్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మూలనున్న గుర్తు చూసుకుని గూట్లో దించింది. నొక్కలేదు. అది తనంత తానే కూర్చుంది. లివర్ వేసేటప్పుడు కిర్రుమంది. ఆ చప్పుడుకు హరీష్ కళ్లు మూసుకున్నాడుగానీ ఆమెకు తెలుసు, అది అట్లాగే చప్పుడు చేస్తుంది. తర్వాత యాకయ్య బల్ల మీది కొత్త పేస్టు శనగగింజంత పెట్టి ఫ్యాను బిగించింది.

నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒక స్క్రూ బోర్డు కింద పడిపోతే మొత్తం ఎత్తి దులపాల్సి వచ్చింది. నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకుంది. తీగలన్నీ పెట్టింది. దుకాణంలోని మానిటర్‌ను కలిపి మీట నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ నల్లగానే ఉంది.

పది సెకన్లు. ఇరవై. ఏమీ రాలేదు.

రాంప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను చెప్పలే? పాయె. బోర్డు పాయె. ఇగ ఇది నా మీద రుద్దొద్దు, ఇంతమంది సాక్షులున్నరు."

వెనక బల్ల దగ్గర యాకయ్య లేచి రెండడుగులు వేశాడు, ఏదో చెప్పబోయాడు.

"చెప్పకు కాకా," అంది విజయశ్రీ అతని వైపు చూడకుండానే. "నేనే సూస్కుంట."

చెమట చుక్క బోర్డు మీద ఎక్కడ పడుతుందోనని వెనక్కి జరిగింది. కరెంటు తీసేసి, నిలబడి, తాను చేసినదంతా మొదటినుంచి మనసులో చేసుకుంటూ వచ్చింది. నరం దొరకనప్పుడు చేసేదీ ఇదే. గుచ్చిన చోటే మళ్లీ గుచ్చదు, ఆగి చూస్తుంది. మళ్లీ కరెంటు పెట్టి ఈసారి స్క్రీన్‌ను కాదు, బోర్డును చూసింది. అంచున నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏ వస్తువు అందకపోతే ఆ వస్తువు దీపం వెలుగుతుంది. ర్యామ్ దగ్గరి దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది.

కరెంటు ఆపింది. ర్యామ్ ముక్కల మీద వేలు పెట్టి జరిపి చూసింది. రెండోదాని ఒక కొస వెంట్రుకవాసి పైకి ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. టక్కుమంది.

మీట నొక్కింది. స్క్రీన్ మీద కంపెనీ గుర్తు తెల్లగా విచ్చుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హసన్‌పర్తి ఆయన మాత్రం, "ఓర్నీ," అన్నాడు.

"ఇంక కాలే," అంది విజయశ్రీ. "ఊరి మీద పోవాలె."

దుకాణంలోని ఇంటర్నెట్‌ను కలుపుకుంది. కౌంటర్ మీద కీబోర్డు పెట్టుకుని నిలబడే మామునూరు రన్‌వే మీద విమానాన్ని పరుగెత్తించింది. విమానం లేచింది. పొలాలు దాటింది, పట్టాలు దాటింది. ఇళ్లు మొదలయ్యాయి. నెలరోజులుగా ఆరిపోయే చోటు వచ్చింది. ఇళ్లు చిక్కబడ్డాయి, వాటి మధ్య రోడ్లు దారాల్లా కనబడ్డాయి, కోట మట్టిగోడ పెద్ద వలయంలా కిందినుంచి సాగిపోయింది. స్క్రీన్ ఆరలేదు. కొత్త ఎస్ఎంపీఎస్ ఫ్యాను ఒక్కటి కొంచెం గట్టిగా మోగింది, అంతే.

గిరాకీలందరూ ఆమె వెనక చేరారు.

"జర హసన్‌పర్తి దిక్కు తిప్పమ్మా," అన్నాడు ఆయన. "మా చెరువు కనబడుతదేమో."

ఆమె తిప్పింది. చెరువు కనబడింది. ఆయన స్క్రీన్ దగ్గరికి వంగి, ఒడ్డు వెంబడి వేలు జరుపుతూ, "ఇగో, ఇక్కన్నే మా పొలం. ఈ మూల," అన్నాడు. పిల్లాడిలా నవ్వాడు. రాంప్రసాద్ కూడా కుర్చీలోంచి మెడ సాచి చూశాడు. చూసినట్టు తెలిసిపోయిందనుకుని మళ్లీ ఫోన్‌లోకి వంగాడు. ఇరవై ఐదు నిమిషాలు ఎగిరి విజయశ్రీ విమానం దించింది. చక్రాలు నేలకు తాకేటప్పుడు రెండుసార్లు ఎగిరెగిరి పడిందిగానీ, దిగింది.

కొత్త బిల్లు రాయించుకున్నాకే వాళ్లు దుకాణం మెట్లు దిగారు.

ఆటోలో పెట్టెను ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కూర్చున్నారు. ఆటో ములుగు రోడ్డు దాటింది.

"నాకు సిగ్గయితాంది," అన్నాడు హరీష్.

"సిగ్గు వానికి రావాలె. నీకెందుకు?"

"మొదటి దినమే నచ్చలేదని చెప్తే అయిపోతుండె గదనే."

"చెప్తే నువ్వు ఇందువా?"

"ఇనకపోదును," అని హరీష్ ఒప్పుకున్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆటో గుంతలో పడితే ఇద్దరూ ఒక్కసారే పెట్టెను ఒళ్లోకి లాక్కున్నారు.

రాంప్రసాద్ ఊరుకోలేదు. ఆ పిల్ల దుకాణం మీదికొచ్చి గొడవ చేసిందని, గిరాకీల ముందు పరువు తీసిందని తెలిసినవాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట తిరిగి తిరిగి వారం తర్వాత తల్లి కట్టమ్మ చెవిన పడింది. ఆమె చేటలో బియ్యం ఏరుతూ కూతుర్ని నిలదీసింది.

"హనుమకొండల దుకాణంల లొల్లి చేసినవటనే? పది మందిల స్టిక్కర్లు చింపి, మిషిన్లు విప్పి... ఆ పోరికి భయం లేదంటాండ్రట. నన్ను అడుగుతే ఏం చెప్పాలె?"

"అవునని చెప్పు," అంది విజయశ్రీ.

"సంబంధాలు సూసే టైంల ఇసొంటి మాటలు..."

"ఆ మాట ఇని ఆగిపోయే సంబంధం ఆగిపోనియ్యమ్మా. మంచిదే గదా, మనకు తిరుగుడు తప్పుతది."

మగ్గం గుంతలోంచి ఓంకార్ గట్టిగా నవ్వాడు. కట్టమ్మ భర్త వైపు కోపంగా చూసి, చేట విసురుగా చెరిగింది. ఆ సాయంత్రం మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి, విమానం నడుపుతున్న కూతురి వెనక నిలబడి, కింద కనబడుతున్న కప్పుల్లో తమది ఏదో చూపించమంది. విజయశ్రీ రెండుసార్లు చుట్టి తిరిగినా ఆ రేకుల కప్పుల్లో తమది గుర్తుపట్టలేకపోయింది. "అన్ని ఒక్కతీరుగనే ఉన్నయ్ పో," అని కట్టమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

విజయశ్రీతో ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేసే అనూష అనే అమ్మాయి ఉంది. నెమ్మదస్తురాలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని నేర్చుకుంటోంది. ఆమె దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ ఒక్క పాట ఎడిట్ చేసేసరికి కాలిపోతోందట. రెండు నెలల తర్వాత ఒకరోజు టీ తాగేటప్పుడు అడిగింది.

"అక్కా, మంచి రెడీమేడ్ ఏ దుకాణంల దొరుకుతది?"

"రెడీమేడ్ మంచియి కూడ ఉంటయే. బిగించేటోడు నిజాయితీపరుడైతే దానికేం? కాకపోతే నీకు లోపల ఏమున్నదో తెల్వాల్నా, అక్కర్లేదా? అది నువ్వు తేల్చుకో ముందు."

వారం తర్వాత అనూష ఒక కాగితం తెచ్చి విజయశ్రీ చేతిలో పెట్టింది. వస్తువుల పేర్లు, కొట్టివేతలు, పక్కన ప్రశ్నార్థకాలు. "తప్పులుంటే దిద్దక్కా," అంది. ఇద్దరూ మూడు రోజులు మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చుని దిద్దారు.

కావాల్సిన మదర్‌బోర్డు హనుమకొండలో ఒక్క దుకాణంలోనే ఉంది. అది రాంప్రసాద్‌ది. అనూష జంకింది. "వద్దక్కా, ఆయనకు నువ్వంటే పడది గదా. హైదరాబాద్ నుంచి తెప్పించుకుందం."

"వస్తువు ఆయనకాడ ఉన్నది, మనకు కావాలె. మనమెందుకు దాక్కోవాలె? నడువు."

వాళ్లు లోపలికి రాగానే రాంప్రసాద్ చూశాడు. నవ్వలేదు. విజయశ్రీ పక్కకు జరిగి నిలబడింది. అనూష కాగితం చూసుకుంటూ, మొదట తడబడుతూ, తర్వాత కొంచెం గట్టిగా, ఒక్కొక్క పేరూ చదివింది. రాంప్రసాద్ ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో కొట్టాడు. యాకయ్య డబ్బాలు తెచ్చి పేర్చాడు.

"బిల్లు ఏ వస్తువుకు ఆ వస్తువు ఏరే రాయాలె," అంది అనూష.

"ఎరుకే," అన్నాడు రాంప్రసాద్ తలెత్తకుండా. అలవాటైన మాటే అన్నట్టు అడిగాడు. "బిగించి ఇయ్యాల్నా?"

అనూష విజయశ్రీ వైపు తిరిగింది. విజయశ్రీ కావాలనే బయట రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"వద్దు," అంది అనూష. డబ్బాలు లెక్కపెట్టుకుని, బరువైనవి తానే ఎత్తుకుని మెట్లు దిగింది.